సైకిలు తొక్కేది కాళ్లా? కడుపా?

చిట్యాల మీదుగా హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే 65వ నెంబరు జాతీయ రహదారి మీద, ముఖ్యంగా సెలవు దినాలలో, తెల్లవారీ వారకముందే కొందరు సైకిళ్ల మీద పోతూ కనిపిస్తారు. తలకు హెల్మెట్, వెనుక ఎర్రదీపం, చట్రానికి నీళ్ల సీసా. వీళ్లు పాలకో, కూరగాయలకో పోయేవారు కారు. ఒక్కరోజులో 200 కిలోమీటర్లు తొక్కాలని బయలుదేరినవారు. హైదరాబాదు నుంచి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి మీదుగా దాదాపు నకిరేకల్ దాకా పోయి, మళ్లీ వెనక్కు వస్తే అంత దూరమవుతుంది.

ఇలాంటి సుదూర ప్రయాణాలను ఫ్రెంచి భాషలో బ్రెవే అంటారు. ఇది పందెం కాదు. మొదట వచ్చినవారికి బహుమతి ఉండదు. ఇచ్చిన గడువులోగా పూర్తి చేస్తే చాలు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు గడువు. వీటిలో అన్నిటికంటె పేరు పొందినది ఫ్రాన్సు దేశంలో పారిస్ నుంచి బ్రెస్ట్ పట్టణానికి పోయి తిరిగివచ్చే 1200 కిలోమీటర్ల ప్రయాణం. అది మొదటిసారి 1891లో జరిగింది. ఇప్పుడు నాలుగేళ్లకొకసారి జరుగుతున్నది. గడువు 90 గంటలు.

ఇంత దూరం తొక్కేవారు దారిలో ఆగినప్పుడు ఏమి తింటారో గమనించండి. అరటిపండు, బెల్లం పట్టీ, ఖర్జూరం, ఇడ్లీ, పెరుగన్నం. అన్నీ పిండిపదార్థాలో, చక్కెరలో ఎక్కువగా ఉన్నవే. వీటినే కార్బోహైడ్రేట్లు అంటారని మీకు తెలుసు.

ఇక్కడే మీలో కొందరికి ఒక సందేహం వస్తుంది. కొన్నేళ్లుగా మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ "అన్నం మానండి, రొట్టె మానండి, కొవ్వు తినండి" అనే మాట బాగా వినబడుతున్నది. ఇళ్లలో పెద్దలు బరువు తగ్గడానికి అన్నం మానేస్తుంటే, చూసి పిల్లలు కూడా కంచంలో అన్నం వదిలేస్తున్నారు. "మన ఒంట్లో కొవ్వు కావలసినంత ఉంది గదా! సైకిలు తొక్కేటప్పుడు అదే కరిగి శక్తినిస్తుంది. మరి అన్నమెందుకు?" అని అడిగిన విద్యార్థులూ ఉన్నారు. ప్రశ్న మంచిదే. దీనికి కోపంతోనో, వెక్కిరింపుతోనో జవాబు చెప్పకూడదు. లెక్కతో చెప్పాలి. కాగితం, కలం తీసికొనండి.

ఎంత శక్తి కావాలి?

చదునైన రోడ్డు మీద, ఎదురుగాలి లేనప్పుడు, మామూలు సైకిలును గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కడానికి సుమారు 100 వాట్ల సామర్థ్యం కావాలి. 100 వాట్లంటే సెకనుకు 100 జౌళ్లు. గంటకు 3600 సెకండ్లు. కాబట్టి గంటకు 3,60,000 జౌళ్ల పని జరుగుతుంది.

అయితే మన శరీరం తిన్న ఆహారంలోని శక్తినంతా పనిగా మార్చలేదు. నాలుగో వంతుకంటె కొంచెం తక్కువే పెడలును తిప్పడానికి పనికివస్తుంది. మిగిలినదంతా వేడిగా మారిపోతుంది. సైకిలు తొక్కినప్పుడు ఒళ్లు వేడెక్కి చెమట పట్టడానికి కారణం అదే. అంటే 3,60,000 జౌళ్ల పనికి సుమారు 16,00,000 జౌళ్ల ఆహారశక్తి ఖర్చవుతుంది. ఒక కిలో కెలోరీ 4,180 జౌళ్లకు సమానం. భాగిస్తే గంటకు సుమారు 380 కిలో కెలోరీలు వస్తాయి. లెక్క తేలికగా ఉండటానికి 400 అనుకొందాం.

200 కిలోమీటర్లకు 10 గంటలు. 10 గంటలకు 4,000 కిలో కెలోరీలు! ఒక మనిషి మామూలుగా రోజంతా తినే ఆహారంలో ఉండే శక్తికంటె ఇది ఎంతో ఎక్కువ. పైగా ఇది సైకిలు తొక్కడానికి అయ్యే ఖర్చు మాత్రమే.

వేగం పెంచితే ఖర్చు వేగంతోపాటు సమానంగా పెరగదు. గాలిని తోసుకొంటూ పోవడానికి కావలసిన సామర్థ్యం వేగం యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి కోసం 8 రెట్లు సామర్థ్యం కావాలి. ఈ సంగతి గుర్తుంచుకొనండి. మన ప్రశ్నకు జవాబు చాలావరకు ఇందులోనే ఉంది.

కండరంలోని చిల్లర డబ్బు

కండరం సంకోచించడానికి నేరుగా అన్నాన్నిగాని, కొవ్వునుగాని వాడుకోలేదు. వాటిలోని శక్తి ముందుగా ఎ.టి.పి. అనే పదార్థంలోకి మారాలి. బజారులో పెద్ద నోటు చెల్లనిచోట చిల్లర మార్చుకొంటాం చూడండి, అలాంటిదన్నమాట. దీని పూర్తిపేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్.

ఈ పదార్థం కథలో మన తెలుగువాడొకరున్నారు. ఆయనే భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన కండరాలలో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లోను, ఎ.టి.పి.ని 1929లోను వెల్లడించారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడ వేరుగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. ఈనాడు ప్రపంచంలో ఏ క్రీడాకారుని శిక్షణ గురించి మాట్లాడినా ఈ రెండు పదార్థాల ప్రస్తావన రాక తప్పదు.

కండరంలో నిలువ ఉండే ఎ.టి.పి. చాలా స్వల్పం. గట్టిగా తొక్కితే కొద్ది సెకండ్లకు సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ మరికొన్ని సెకండ్లు ఆదుకొంటుంది. ఆ తరువాత ఎప్పటికప్పుడు కొత్త ఎ.టి.పి. తయారవుతూ ఉండాలి. దానికి ముడిసరుకు రెండు నిలువలనుంచి వస్తుంది. ఒకటి పిండిపదార్థాల నిలువ, రెండవది కొవ్వు నిలువ. మాంసకృత్తులు కూడ కొద్దిగా ఖర్చవుతాయి. అవి శరీర నిర్మాణానికి కావలసినవి గనుక వాటిని పొయ్యిలో పెట్టడం ఇంటి దూలాలను తీసి వంటచెరకుగా వాడటంవంటిది.

రెండు నిలువలు

మనం తిన్న జొన్నరొట్టెలోగాని, అన్నంలోగాని ఉన్న పిండి జీర్ణమై గ్లూకోజుగా మారుతుంది. రక్తంలో ఒక్కసారికి ఉండే గ్లూకోజు 5 గ్రాములకు మించదు. ఒక చెంచాడన్నమాట! మిగిలిన గ్లూకోజు అణువులను శరీరం గొలుసులుగా కూర్చి గ్లైకోజన్ రూపంలో దాచుకొంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ దీనిని కాలేయం నుంచి వేరుచేసి 1857లో ఈ పేరు పెట్టాడు. గ్లైకోజన్ అంటే తీపిని పుట్టించేది అని అర్థం.

బాగా తిన్న మనిషి కండరాలన్నిటిలో కలిపి సుమారు 400 గ్రాములు, కాలేయంలో సుమారు 100 గ్రాములు గ్లైకోజన్ ఉంటుంది. మొత్తం 500 గ్రాములు. గ్రాముకు 4 కిలో కెలోరీల చొప్పున ఇది 2,000 కిలో కెలోరీలు.

ఇప్పుడు కొవ్వు నిలువ చూద్దాం. 60 కిలోల బరువున్న మనిషిలో 15 శాతం కొవ్వు ఉన్నదనుకొందాం. అంటే 9 కిలోలు. గ్రాముకు 9 కిలో కెలోరీల చొప్పున 81,000 కిలో కెలోరీలు!

గంటకు 400 చొప్పున ఖర్చు పెడితే పిండిపదార్థాల నిలువ 5 గంటలు వస్తుంది. 100 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి పోయినవాడు నకిరేకల్ దగ్గర ఆగిపోతాడు. తిరిగి రాలేడు. కొవ్వు నిలువ 200 గంటలు వస్తుంది. 4,000 కిలోమీటర్లు! కన్యాకుమారి నుంచి శ్రీనగర్‌కు రోడ్డు సుమారు 3,600 కిలోమీటర్లు గదా. దారిలో ఏమీ తినకుండా ఆ దూరం తొక్కవచ్చునన్నమాట.

"చూశారా! మేము చెప్పిందే నిజం" అని కొవ్వు పక్షంవారు అనవచ్చు. తొందరపడకండి. మనం ఒక ముఖ్యమైన విషయాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

చెరువు పెద్దది, తూము సన్నం

ఊరి చెరువు నిండుగా ఉందనుకొందాం. కాని దాని తూము సన్నది. చెరువులో ఎన్ని నీళ్లున్నా గంటకు ఆ తూములోనుంచి పోయేన్ని నీళ్లే పొలానికి వస్తాయి. అదే ఇంటి ముందున్న తొట్టి చిన్నదే. కాని బిందెతో ముంచుకొంటే ఎన్ని కావాలంటే అన్ని నీళ్లు క్షణంలో వస్తాయి. కాకపోతే తొందరగా అడుగంటుతుంది.

మన శరీరంలో కొవ్వు చెరువు, గ్లైకోజన్ తొట్టి.

కొవ్వు తన నిలువలనుంచి విడిపోవాలి, రక్తంలో ప్రయాణించాలి, కండరకణంలోకి ప్రవేశించాలి, అందులోని మైటోకాండ్రియాలలోకి పోవాలి, అప్పుడు ఆక్సిజన్‌తో మండాలి. ఇన్ని మెట్లు ఉన్నందున వేగం పరిమితం. సాధారణంగా మనుషులలో కొవ్వు దహనం అత్యధికంగా నిమిషానికి సుమారు అర గ్రాము. గంటకు 30 గ్రాములు, అంటే 270 కిలో కెలోరీలు.

మన సైకిలు ప్రయాణికునికి గంటకు కావలసినవి 400. తూములోనుంచి వచ్చేవి 270. మిగిలిన 130 తొట్టిలోనుంచి రావాలి. 130ని 4తో భాగిస్తే సుమారు 33 గ్రాముల గ్లైకోజన్. 10 గంటలకు 330 గ్రాములు.

ఇక ఎదురుగాలి వీచినా, ఎత్తు ఎక్కవలసి వచ్చినా, ముందుపోయేవారిని అందుకోవాలని తొందరపడినా గంటకు 700 కిలో కెలోరీలు కావలసి వస్తాయి. అప్పుడు తూము పెద్దది కాదు సరికదా, ఇంకా సన్నబడుతుంది! శ్రమ తీవ్రత పెరిగినకొద్దీ కొవ్వు దహనం తగ్గుతుంది. ఆ సమయంలో కొవ్వునుంచి 200 మాత్రమే వస్తున్నాయనుకొంటే, తక్కిన 500 తొట్టిలోనుంచే రావాలి. అంటే గంటకు 125 గ్రాములు. 4 గంటలలో తొట్టి ఖాళీ!

నిజానికి అంతసేపు కూడ రాదు. ఎందుకంటే కండరంలోని గ్లైకోజన్‌ను ఆ కండరమే వాడుకోవాలి. దానిని గ్లూకోజుగా మార్చి రక్తంలోకి వదిలే ఎంజైము కాలేయంలో ఉంది గాని కండరంలో లేదు. కాబట్టి చేతులలో, భుజాలలో ఉన్న గ్లైకోజన్ అలసిన కాళ్లకు అందదు. పక్కింటి తొట్టిలో నీళ్లున్నా మనకు రానట్లే.

శోష ఎందుకు వస్తుంది?

కాళ్లతోపాటు మెదడు సంగతి కూడ చూడాలి. మెదడు మామూలుగా గ్లూకోజునే ఇంధనంగా వాడుకొంటుంది. రోజుకు సుమారు 120 గ్రాములు, గంటకు 5 గ్రాములు. కొవ్వు ఆమ్లాలను అది వాడుకోలేదు. మన శరీరం వాటిని గ్లూకోజుగా మార్చనూ లేదు. కొన్ని రోజులపాటు ఉపవాసమున్నా, పిండిపదార్థాలు బాగా తగ్గించినా, కొవ్వునుంచి తయారయ్యే కీటోన్లు అనే పదార్థాలతో మెదడు కొంతవరకు సర్దుకొంటుంది. కాని అది ఒక్కపూటలో జరిగే మార్పు కాదు.

రక్తంలోని ఆ చెంచాడు గ్లూకోజును సరిగా నిలబెట్టే బాధ్యత కాలేయానిది. గంటల తరబడి తొక్కేటప్పుడు కాళ్లు కూడ ఆ గ్లూకోజునే లాగుకొంటాయి. కాలేయంలోని 100 గ్రాములు అయిపోతే రక్తంలో గ్లూకోజు పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చిరుచెమట పడుతుంది, చూపు మసకబారుతుంది, చిరాకు పుడుతుంది, తలలో ఏమీ తోచదు. దీనినే మన పెద్దలు శోష వచ్చిందంటారు. రహదారి మీద, లారీల మధ్య సైకిలు మీద ఉన్నవానికి ఇది ప్రాణాపాయం. కాళ్లు ఆగిపోతే పక్కన కూర్చోవచ్చు. ఎటునుంచి బండి వస్తున్నదో తెలియనంతగా తల తిరిగితే?

1924లో అమెరికాలోని బోస్టన్ నగరంలో మారథాన్ పరుగు పూర్తిచేసినవారి రక్తాన్ని వైద్యులు పరీక్షించారు. బాగా నీరసించినవారిలో గ్లూకోజు చాలా తక్కువగా ఉంది. మరుసటి ఏడాది పరుగుమధ్యలో మిఠాయి తినిపించి చూశారు. వారిలో గ్లూకోజు పడిపోలేదు, అలసట లక్షణాలూ తగ్గాయి.

ఒక సైకిలు, ఇద్దరు శాస్త్రవేత్తలు, రెండు కాళ్లు

తొట్టి గురించి ఇంతవరకు చెప్పినది ఊహ కాదు. స్వీడన్ దేశంలో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1966లో తమ శరీరాల మీదనే ఒక ప్రయోగం చేసికొన్నారు. కదలకుండా ఉండే ఒక సైకిలుకు చెరొక పక్క కూర్చొని, ఒకరు కుడికాలితోను, ఇంకొకరు ఎడమకాలితోను బాగా అలసిపోయేదాక తొక్కారు. రెండో కాలు విశ్రాంతిగా ఉంచారు. సన్నని సూదితో తొడ కండరంలోనుంచి చిన్న ముక్క తీసి గ్లైకోజన్‌ను కొలిచారు. తొక్కిన కాలిలో అది దాదాపు అడుగంటింది. విశ్రాంతి కాలిలో అట్లాగే ఉంది. తరువాత 3 రోజులు పిండిపదార్థాలు ఎక్కువగా తిన్నారు. అప్పుడు తొక్కిన కాలిలో గ్లైకోజన్ విశ్రాంతి కాలిలోకంటె రెట్టింపు చేరింది! ఖాళీ అయిన తొట్టి మునుపటికంటె ఎక్కువ నింపుకొన్నదన్నమాట.

మరుసటి ఏడాది, 1967లో, ఈ శాస్త్రవేత్తలే మరికొందరితో కలిసి ఇంకొక ప్రశ్న వేశారు. తిండి మారితే తొక్కే సమయం మారుతుందా? ఒకే మనుషులకు మూడు రకాల ఆహారం పెట్టి, ఒకే తీవ్రతతో సైకిలు తొక్కించారు. ఫలితాలు చూడండి:

మామూలు మిశ్రమాహారం తిన్నప్పుడు – 114 నిమిషాలు
కొవ్వు, మాంసకృత్తులు మాత్రమే తిన్నప్పుడు – 57 నిమిషాలు
పిండిపదార్థాలు ఎక్కువగా తిన్నప్పుడు – 167 నిమిషాలు

మనుషులు వారే, సైకిలు అదే. తిండి మార్చగానే సమయం మూడింతల తేడా వచ్చింది.

1986లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కాయిల్ అనే శాస్త్రవేత్త బృందం దారిలో తినడం గురించి పరీక్షించింది. బాగా సాధన ఉన్న సైకిలు క్రీడాకారులు పిండిపదార్థాలు కలపని నీళ్లు మాత్రమే తాగినప్పుడు సుమారు 3 గంటలకు అలసి ఆగిపోయారు. గ్లూకోజు గొలుసులు కలిపిన నీళ్లు మధ్యమధ్య తాగినప్పుడు 4 గంటలు తొక్కగలిగారు. తొట్టి అడుగంటినా పైనుంచి ధార పడుతుంటే పని నడుస్తుందని దీనివల్ల రుజువయింది.

తూమును వెడల్పు చేయలేమా?

చేయవచ్చు. క్రమంగా సాధన చేస్తే కండరాలలో మైటోకాండ్రియాలు పెరిగి కొవ్వు ఎక్కువగా మండుతుంది. సాధన ఉన్నవారు ఎక్కువ దూరం పోవడానికి ఇది ఒక కారణం. పిండిపదార్థాలను నెలల తరబడి బాగా తగ్గించినవారిలో తూము ఇంకా వెడల్పవుతుంది. అమెరికాలో అలా అలవాటుపడిన సుదూర పరుగువీరులను పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితాలలో, వారు నిమిషానికి అత్యధికంగా సగటున ఒకటిన్నర గ్రాముల కొవ్వును మండించగలిగారు. ఇది నిజం. దాచకూడదు.

అయితే దీనికి ఒక మూల్యం ఉంది. ఒక లీటరు ఆక్సిజన్‌తో పిండిపదార్థాలను మండిస్తే సుమారు 5 కిలో కెలోరీలు వస్తాయి. కొవ్వును మండిస్తే సుమారు 4.7 మాత్రమే. నెమ్మదిగా పోయేటప్పుడు ఈ తేడా తెలియదు. ఊపిరి అందని వేగంలో ఆక్సిజనే కరువు గదా. అప్పుడు తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో లూయీస్ బర్క్ బృందం నడక పందెం క్రీడాకారులను 3 వారాలపాటు వేరువేరు ఆహారాల మీద ఉంచి సాధన చేయించింది. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, కొవ్వు తిన్నవారిలో కొవ్వు దహనం బాగా పెరిగింది. కాని అదే వేగానికి వారికి ఎక్కువ ఆక్సిజన్ కావలసి వచ్చింది. 10 కిలోమీటర్ల పందెంలో పిండిపదార్థాలు తిన్నవారు మునుపటికంటె మెరుగుపడ్డారు, కొవ్వు తిన్నవారు మెరుగుపడలేదు.

కాబట్టి మన ప్రశ్నకు జవాబు ఇది: ఎంత దూరమన్నది ఒక్కటే కాదు, ఎంత వేగమన్నది కూడ చూడాలి. గంటకు 12 కిలోమీటర్లతో తాపీగా, ఆగుతూ పోయేవానికి చాలా శక్తి కొవ్వునుంచే వస్తుంది. గడువుతో పోటీపడి, గాలికి ఎదురు తొక్కేవానికి పిండిపదార్థాలు తప్పవు. మొత్తం మీద సుదూర ప్రయాణంలో చెరువు, తొట్టి రెండూ కావాలి. ముందుగా ఖాళీ అయ్యేది తొట్టి కాబట్టి దారిలో నింపవలసింది దానినే.

ఎంత తినాలి? ఏమి తినాలి?

గంటలోపు ప్రయాణానికి దారిలో ఏమీ అక్కరలేదు. నీళ్లు చాలు. రెండు మూడు గంటలు తొక్కేవారికి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు సరిపోతాయి. పేగులు గ్లూకోజును గంటకు సుమారు 60 గ్రాములకు మించి లోపలికి పంపలేవు. ఇదీ ఒక తూమే! అయితే పండ్లలో, చక్కెరలో, బెల్లంలో ఉండే ఫ్రక్టోజుకు వేరే ద్వారం ఉంది. రెండూ కలిపి తింటే సాధన ఉన్నవారు గంటకు 90 గ్రాముల దాకా వాడుకోగలరు.

మన ఇళ్లలో, అంగళ్లలో దొరికే వాటిలో పిండిపదార్థాలు సుమారుగా ఇలా ఉంటాయి:

మధ్యరకం అరటిపండు ఒకటి – 20 నుంచి 25 గ్రాములు
బెల్లం ముక్క, 20 గ్రాములు – 17 గ్రాములు
జొన్నరొట్టె ఒకటి, 50 గ్రాముల పిండితో – 35 గ్రాములు
అటుకులు, 50 గ్రాములు – 38 గ్రాములు
ప్యాలాలు, 40 గ్రాములు – 30 గ్రాములు
వేయించిన పల్లీలు, 50 గ్రాములు – 13 గ్రాములు
ఉడికించిన కోడిగుడ్డు – దాదాపు సున్న

పల్లీలు మంచి ఆహారమే. కాని వాటిలో కొవ్వు ఎక్కువ కనుక కడుపులోనుంచి నెమ్మదిగా కదులుతాయి. తొక్కేటప్పటికంటె ఇంటికి వచ్చాక తినడం మేలు. గుడ్డు కూడ అంతే. అలసిన కండరాల మరమ్మతుకు మాంసకృత్తులు కావాలి గదా. బతుకమ్మ పండుగకు మన ఇళ్లలో చేసే మలీద ముద్దలను గుర్తుచేసికొనండి. రొట్టెను నలిపి బెల్లం కలిపి కట్టిన ఆ ముద్దలో రొట్టెనుంచి గ్లూకోజు, బెల్లంనుంచి గ్లూకోజు, ఫ్రక్టోజు రెండూ దొరుకుతాయి. సైకిలు సంచీలో వేసికొనడానికి అంతకంటె మంచి తిండి అరుదు.

రంగుకాగితాల పొట్లాలలో అమ్మే ఖరీదైన తీపి జిగురు కొనలేమని ఎవరూ చింతించనక్కరలేదు. 2012లో అమెరికాలో 14 మంది సైకిలు క్రీడాకారులచేత 75 కిలోమీటర్లు రెండుసార్లు తొక్కించారు. హైదరాబాదు నుంచి చిట్యాలకు ఉన్నది సుమారు అంత దూరమే. ఒకసారి సీసాలలో అమ్మే క్రీడాపానీయం ఇచ్చారు, ఇంకోసారి అరటిపండ్లు, నీళ్లు ఇచ్చారు. పట్టిన సమయంలో చెప్పుకోదగిన తేడా రాలేదు.

ఉప్పు సంగతి కూడ మరువకూడదు. మన ఎండలలో చెమటతో నీళ్లతోపాటు సోడియం పోతుంది. పేగులలో గ్లూకోజు, సోడియం ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొన్నట్లు కలిసి లోపలికి పోతాయి. వాటి వెంట నీరు పోతుంది. విరేచనాల రోగులకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ప్రాణం పోసేది ఈ సూత్రం మీదనే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లతో ఎందరినో కలరానుంచి కాపాడారు. ఉప్పు వేసిన జొన్న అంబలి, మజ్జిగ కలుపుకొని తాగి ఎండలో పనికి పోయే మన రైతులు, కూలీలు పిండి, ఉప్పు, నీరు మూడింటినీ ఒక్క చెంబులో తీసికొంటున్నారన్నమాట.

మరి బడికి పోయే సైకిలు?

మీలో చాలామంది 200 కిలోమీటర్లు తొక్కరు. పక్క ఊరినుంచి హైస్కూలుకు 4, 5 కిలోమీటర్లు తొక్కుతారు. దీనికి బెల్లాలు, పట్టీలు అక్కరలేదు. కాని ఒక లెక్క చూడండి. రాత్రి 8 గంటలకు తిని పడుకొన్నారు. తెల్లవారి 8 గంటలకు 12 గంటలవుతుంది. మెదడు గంటకు 5 గ్రాముల చొప్పున 60 గ్రాములు వాడుకొంది. కాలేయంలోని 100 గ్రాములలో సగానికి పైగా ఖర్చు. శరీరం మాంసకృత్తులనుంచి, మరికొన్ని పదార్థాలనుంచి కొంత గ్లూకోజు తయారుచేసికొంటుంది గనుక వెంటనే పడిపోరు. అయినా ఏమీ తినకుండా సైకిలెక్కి, ప్రార్థనలో ఎండలో నిలబడి, మధ్యాహ్న భోజనందాక కూర్చొనే విద్యార్థికి మూడో పీరియడులో లెక్కలు తలకెక్కకపోతే అది మందబుద్ధి కాదు. తొట్టి అడుగున ఉంది, అంతే.

ఎదిగే వయస్సులో ఉన్నవారు, ముఖ్యంగా ఆడపిల్లలు, సన్నబడాలని అన్నం, రొట్టె మానడం మంచిది కాదు. బరువు ఎక్కువగా ఉన్న పెద్దలు, మధుమేహం ఉన్నవారు వైద్యుల సలహాతో పిండిపదార్థాలను తగ్గించుకొనడం వేరు విషయం. వారి నియమం వారిది. వారిని చూసి మీరు ఖాళీ కడుపుతో సైకిలెక్కవద్దు. రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలుపుకొన్నా, ఒక జొన్నరొట్టె, కాస్త పప్పు తిన్నా చాలు.

చేసి చూడండి

రొట్టెలోని పిండి గ్లూకోజు దారి పట్టడం నోటిలోనే మొదలవుతుంది. రెండు పరీక్షనాళికలలో చల్లారిన, పలుచని గంజి కొద్దిగా పోయండి. ఒకదానిలో కొంచెం లాలాజలం కలపండి. రెండింటినీ గోరువెచ్చని నీళ్ల గిన్నెలో 15 నిమిషాలు ఉంచండి. తరువాత ఒక్కొక్క దానిలో పలుచన చేసిన టింక్చర్ అయొడిన్ రెండు చుక్కలు వేయండి. లాలాజలం లేని గంజి నల్లని నీలిరంగుకు మారుతుంది. లాలాజలం కలిపినదానిలో ఆ రంగు రాదు, లేదా చాలా తక్కువగా వస్తుంది. పిండి ఏమైపోయింది? ఆలోచించండి. అయొడిన్ కలిపినది నోట పెట్టకూడదు. ప్రయోగం మీ సైన్సు మాస్టారి ఎదుట చేయండి.

లెక్క కట్టండి

1. ఒకరు గంటకు 500 కిలో కెలోరీలు ఖర్చుపెడుతూ తొక్కుతున్నారు. కొవ్వునుంచి గంటకు 260 వస్తున్నాయి. గంటకు ఎన్ని గ్రాముల పిండిపదార్థాలు ఖర్చవుతాయి?

2. ఆ మనిషి దగ్గర 300 గ్రాముల గ్లైకోజన్ ఉంది. దారిలో ఏమీ తినకపోతే ఎన్ని గంటలు వస్తుంది? గంటకు రెండు అరటిపండ్లు, అంటే 40 గ్రాములు, తింటే ఎన్ని గంటలు వస్తుంది?

జవాబులు: 1. 60 గ్రాములు. 2. 5 గంటలు, 15 గంటలు.

రెండవ జవాబును మరొకసారి చూడండి. 5 గంటల ప్రయాణాన్ని 15 గంటలు చేసినవి గంటకు రెండు అరటిపండ్లు.